అత్తకు రాని పాకం

నా చిన్నప్పుడు మా వీధిలో క్రిస్మస్ పండగ తేదీ అందరికీ ఒకటే అయినా, దానికి ముందు వారమంతా పండగ ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో దిగేది. ఇవాళ పంతులమ్మగారింట్లో అరిసెలు అంటే వీధిలోని ఆడవాళ్ళందరూ పొద్దున్నే చద్దన్నాలు తినేసి, ఎవరి రోకలి వాళ్ళు పట్టుకుని ఆ ఇంటికి పోయేవారు. రేపు కాంపౌండరుగారింట్లో, ఎల్లుండి ఇంకొకరింట్లో. అరిసె ఒంటి చేత్తో అయ్యే వంటకం కాదు. నానిన బియ్యం ఒకరు దంచాలి, ఒకరు జల్లించాలి. బెల్లం పాకం పట్టేవాళ్ళొకరు, ఆ పాకంలో పిండి పోసేవాళ్ళొకరు, పోస్తుంటే ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పేవాళ్ళొకరు. తర్వాత అరిటాకు మీద తట్టడానికీ, వేయించడానికీ, వేగినదాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా అదమడానికీ మళ్ళీ మనుషులు కావాలి. అందుకే నర్సీపట్నంలో మా చర్చి వెనక వీధిలో అందరూ వంతులు పెట్టుకునేవారు. ఎవరింట్లో చేసినా పాకం దగ్గర కూర్చునేది మాత్రం మా మామ్మే. మా నాన్నకి అమ్మ. ఆవిడ వేళ్ళ మధ్య పాకం నలిపి “ఊఁ, పొయ్యండి” అంటే తప్ప ఎవరూ పిండి పోసేవారు కాదు.

నేనా, ఒకచోట కుదురుగా నిలబడే పిల్లని కాదు. ఇప్పుడూ కాదనుకోండి, మా పిల్లలు నన్ను కుర్చీకి కట్టెయ్యాలంటారు. ఆ వారంలో అయితే కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగేదాన్ని. ఒక ఇంట్లో జల్లెడ అందించి, ఇంకో ఇంట్లో సున్నం వేసేవాళ్ళకి చీపురుకుంచె తడిపి, మరో ఇంట్లో వెదురుబద్దల నక్షత్రానికి రంగుకాగితం అతికిస్తుంటే మైదాజిగురు గిన్నె పట్టుకుని, మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చి ఎవరింట్లో ఏం జరుగుతోందో మామ్మకి చెప్పేదాన్ని. నాకు సాయం చెయ్యడం కంటే సాయం జరుగుతున్న చోట ఉండటం ఇష్టం. తేడా పెద్దవాళ్ళకి తెలిసేది, అయినా తిట్టేవారు కాదు.

నేను చెప్పబోయే సంవత్సరం వానలు మొదలైన కొత్తలో మా తాతయ్య పోయాడు. ఆయన తాపీ మేస్త్రి. జ్వరమన్నాడు, వారం తిరక్కుండానే మమ్మల్నందరినీ చర్చి సమాధుల తోటలో మట్టి చుట్టూ నిలబెట్టేశాడు. ఆ ఏడాది మా ఇంట్లో పండగ లేదు. సున్నం లేదు, నక్షత్రం లేదు, పొయ్యి మీద మూకుడు పెట్టి పిండివంట చెయ్యడం లేదు. మనిషి పోయిన ఏడాది మూకుడు పెట్టకూడదు, ఇరుగుపొరుగువాళ్ళు చేసి పంపాలి. మా వైపు అందరిళ్ళలోనూ అదే ఆచారం. మన విశ్వాసంలో ఇలాంటివేం లేవని చర్చిలో అయ్యగారు ఎన్నిసార్లు ప్రసంగంలో చెప్పారో. ఆడవాళ్ళందరూ శ్రద్ధగా తలాడించి విని, ఇంటికొచ్చి మూకుడు బోర్లించేవారు.

మూకుడు సంగతి నాకు పెద్ద బాధ కాదు, వీధిలో ఎవరింట్లో తిన్నా తిండే. నా బాధంతా మామ్మ. తాతయ్య పోయిన దగ్గర్నుంచి ఆవిడ పెరటి వసారాలో నులకమంచం మీదే ఉండిపోయింది. లేచి స్నానం చేసేది, పెడితే రెండు ముద్దలు తినేది, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకునేది. ఒంట్లో జబ్బేమీ లేదని డాక్టరుగారు చెప్పారు. మా అమ్మ మాత్రం రోజూ ఆవిడ కంచంలో మిగిలిన అన్నం చూసి, అలాగే నిలబడిపోయేది. పండగ వరకూ ఇలాగే ఉంటే ఆ తర్వాత ఇంక మనిషి దక్కదని మా నాన్నతో అంటుంటే విన్నాను. ఆ మాట విన్నాక నాకు కాలు ఒకచోట నిలవలేదు. మామ్మ మంచం చుట్టూ తిరిగేదాన్ని, వీధిలోకి పోయేదాన్ని, మళ్ళీ వచ్చి ఆవిడ కళ్ళు తెరిచి ఉన్నాయో లేదో చూసేదాన్ని.

ఆ వారం వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే మాట, పాపం. “పాపం, మామ్మ ఎలా ఉందే?” అని అడిగి చేతిలో ఓ జంతిక పెట్టేవారు. మొదట్లో తీసుకుని తిన్నాను. తర్వాత తర్వాత ఆ మాట వినపడగానే ఒళ్ళు మండేది. పాపం అన్నవాళ్ళెవరూ మా పెరట్లోకి రావడం లేదు. అంతకు ముందు ఏడు ఇదే వారంలో పొద్దున్నే “పిన్నిగారూ, పాకం పెట్టేశాం, బేగి రావాలి” అని గేటు దగ్గర కేకలే కేకలు. ఈసారి ఒక్క కేక లేదు. నేను ఉండబట్టలేక మా అమ్మని అడిగాను, మామ్మని ఎవరూ ఎందుకు పిలవట్లేదని. అమ్మ గొంతు తగ్గించి, కొత్తగా భర్త పోయిన మనిషి చెయ్యి పండగ వంటలో పడకూడదంటారనీ, పిలిస్తే ఆవిడ బాధపడుతుందేమోనని వాళ్ళూ, వెళ్తే వాళ్ళకి మంచిది కాదేమోనని ఆవిడా ఆగిపోయారనీ చెప్పింది. నాకు సగం అర్థమైంది. అర్థమైన సగమూ నచ్చలేదు.

పంతులమ్మగారి వంతు రోజున నేను మా గేటు మీద ఊగుతున్నాను. ఆవిడ మోచేతుల దాకా పిండితో గబగబా మా ఇంటివైపు వచ్చింది. పాకం దగ్గర మనిషి కావాల్సి వచ్చిందని ముఖం చూస్తేనే తెలిసిపోయింది. నేను గేటు దిగి తెరిచేలోపే ఆవిడ ఆగిపోయింది. “వద్దులే, పాపం” అని తనలో తనే అనుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజు ఎండకోసమని అమ్మ మామ్మని ముందు వసారాలో కూర్చోబెట్టింది. మామ్మ అంతా చూసింది. పంతులమ్మగారు వీధి మలుపు తిరిగేదాకా చూసి, తన రెండు చేతులూ పమిట కింద పెట్టేసుకుంది. ఆ చేతులు అలా దాచుకోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఇక మా పక్కింటి అత్త గురించి చెప్పాలి. వాళ్ళు రైతులు, హిందువులు. కృష్ణదేవిపేట రోడ్డులో వాళ్ళకి పొలాలుండేవి. అత్త అని పిలవడమే గానీ చుట్టరికం లేదు, గోడ చుట్టరికమే. మనిషి పెద్ద, గొంతు అంతకంటే పెద్ద. వాళ్ళింట్లో గేదెని అదిలిస్తే మా ఇంట్లో నేను లేచి నిలబడేదాన్ని. క్రిస్మస్ ఆవిడ పండగ కాకపోయినా ఏటా మా వంతు రోజున ముందుగా వచ్చేది ఆవిడే. వాళ్ళ పండగలకి మా అమ్మా, మామ్మా వెళ్ళేవారు.

పంతులమ్మగారు వెనక్కి తిరిగిన ఆ సాయంత్రమే అత్త మా పెరట్లోకి వచ్చింది. ఎలా ఉన్నావని అడగలేదు, పాపం అనలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, నేరుగా మామ్మ వీపుతోనే మాట్లాడింది. “పిన్నీ, మా పెరడంతా ధాన్యం ఆరబోసీసేరు. మీకు పంపడానికి నాలుగు అరిసెలు సేద్దారంటే పొయ్యి పెట్టడానికి జాగా లేదు. రవ్వ ఎగిరి గింజల మీద పడిందంటే మా ఆయన నన్నే పొయ్యిలో పెడతాడు. రేపు మీ పెరట్లో ఓ మూల సేసుకుంటాను.”

మామ్మ కదల్లేదు. మా అమ్మ కంగారుపడి, “ఈ ఏడు మా ఇంట్లో మూకుడు పెట్టకూడదు కదా వదినా,” అంది.

“మీరెవులు పెడతన్నారు? మూకుడు నాది, పొయ్యిరాళ్ళు నావి, కర్రలు నావి, పిండి నాది. నేల ఒక్కటే మీది. నేలకి మైలేటి?”

మామ్మ గోడవైపు నుంచే ఊఁ అంది. సరే అన్నట్టో, ఈవిడ పోతే చాలన్నట్టో తెలియని ఊఁ అది. అత్త సరే అనే తీసుకుంది.

మర్నాడు తెల్లారగానే ఊరేగింపులా సామాన్లు దిగాయి. రాళ్ళు, కర్రలు, మూకుడు, నువ్వులు, నూనె డబ్బా, రావికమతం నుంచి వాళ్ళ తమ్ముడు తెచ్చిన కొత్త బెల్లం దిమ్మ. అన్నిటికంటే ముఖ్యం బియ్యం. ఆ ఏడు వాళ్ళ పొలంలో పండిన కొత్త బియ్యం, ఇంట్లోవాళ్ళు ఇంకా అన్నం వండుకుని రుచి కూడా చూడలేదు. ముందురోజే నానబోసి, నీళ్ళు వార్చి తెచ్చింది. గోడ దగ్గర నుంచి పొయ్యి దాకా నేను ఎన్నిసార్లు తిరిగానో. ఇన్నాళ్ళకి మా పెరట్లో ఏదో జరుగుతోందన్న సంబరం ఒకవైపు, మామ్మ ఇంకా గోడవైపే ఉందన్న దిగులు ఒకవైపు. అమ్మా అత్తా ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేశారు. ఆ చప్పుడుకి మామ్మ తల మీద కొంగు లాక్కుంది.

పిండి జల్లించడం అయ్యాక దాన్ని తడి ఆరిపోకుండా అదిమి, తడిగుడ్డ కప్పారు. అక్కణ్ణుంచి ఆలస్యం కూడదు. ఆ తడిపిండి ఆ పూటే పాకంలో పడాలి. ఆరితే అరిసె రాదు, పాకం ముదిరితే అరిసె రాయి అవుతుంది, పాకం లేతగా ఉంటే మూకుట్లో విడిపోతుంది. అందుకే ఆ కాసేపూ ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ళు ఊపిరి బిగపట్టినట్టే ఉండేవారు. సరిగ్గా అలాంటప్పుడు అత్త పొయ్యి మీద బెల్లం పెట్టి, అరిసెలు అదిమే చెక్కలు ఇంట్లో మర్చిపోయాననీ, అటక మీద ఎక్కడో ఉన్నాయనీ చెప్పి మా అమ్మని పంపేసింది. ఇంక పెరట్లో మిగిలింది ఉడుకుతున్న బెల్లం, అత్త, నేను, మంచం మీద మామ్మ.

అత్త పీట మీద కూర్చుని నాకు కబుర్లు మొదలుపెట్టింది. వాళ్ళ కర్రి దూడ తాడు తెంపుకుని ఎలా బస్టాండు దాకా పోయిందో, అక్కడ సోడా బండి వాడు దాన్ని ఎలా పట్టుకున్నాడో చేతులూపుతూ చెబుతోంది. పాకం వంక చూడదు, తెడ్డు ముట్టుకోదు. నాకు దూడ కథ ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. మామ్మ పక్కన కూర్చుని చూసి చూసి నాకూ కాస్త తెలుసు. మొదట నురగ పొంగుతుంది, తర్వాత బుడగలు పెద్దవై తేలిగ్గా పేలతాయి, ఆ తర్వాత చిన్నవై బరువుగా, నెమ్మదిగా పగులుతాయి. అప్పటికే బుడగలు చిన్నబడుతున్నాయి. నేను లేచాను, కూర్చున్నాను, పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగాను. “అత్తా, పాకం,” అన్నాను. “ఉండవే, దూడ ఇంకా ఇంటికి రాలేదు,” అంది.

అప్పుడు మంచం మీంచి గొంతు వినిపించింది. “పాకం ఎవులు సూస్తన్నారు?”

ఎన్నాళ్ళ తర్వాతో తనంతట తనే అడిగిన మాట అది. అత్త మాత్రం అదేం గొప్ప సంగతి కానట్టు, ఇంకా టైముంది పిన్నీ అని దూడ దగ్గరకే పోయింది. పొయ్యిలో ఇంకో కర్ర కూడా తోసింది. బెల్లం వాసన మారింది. అప్పటిదాకా ఉన్న తియ్యటి వాసనలో కొంచెం ఘాటు తగిలింది. ఆ గిన్నెలో మా పండగ ఉంది, గుడ్డ కింద వాళ్ళ కొత్త బియ్యమంతా ఉంది, ఈవిడ చూస్తే దూడ వెంట పరుగెడుతోంది.

“ముదిరిపోతాదే,” అంది మామ్మ. ఈసారి ఇటు తిరిగి పడుకుంది.

“నాకు తెలట్లేదు పిన్నీ. కొత్త బెల్లం కదా, దీని తీరేటో అంతు సిక్కట్లేదు,” అని అత్త పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో ఓ చుక్క పాకం వేసి నా చేతికిచ్చింది. “అట్టుకెళ్ళి మామ్మకి సూపించు.”

నేను నీళ్ళు ఒలికిపోకుండా పరుగెత్తి మంచం పక్కన నిలబడ్డాను. మామ్మ వంగి చూసింది. చేతులు మాత్రం పమిట కిందే ఉన్నాయి. సూస్తే తెలీదు, పట్టి సూడాలి అంది. నన్ను పట్టి చూడమంది. నేను వేళ్ళు పెట్టి తీశాను, అది నా బొటనవేలికి అంటుకుని సాగింది. ఉండయిందా అని మామ్మ అడుగుతుంది, నాకు అయిందో లేదో తెలియదు. మెత్తగా ఉందా గట్టిగా ఉందా అంటుంది, నాకు మెత్తగానూ ఉంది, గట్టిగానూ ఉంది. వెనకనుంచి అత్త, పిండి ఆరిపోతోంది పిన్నీ, పోసెయ్యమంటావా అని అడుగుతోంది. పోసెయ్యనా, పోసెయ్యనా అని గిన్నె దగ్గర నిలబడి పిండి పళ్ళెం పైకెత్తేసింది కూడా.

మామ్మ మంచం దిగింది. ఎలా దిగిందో, ఎప్పుడు పొయ్యి దగ్గరకొచ్చిందో నేను చూస్తూనే ఉన్నా నాకు తెలియలేదు. అత్త చేతిలో పళ్ళెం లాక్కుని కింద పెట్టింది. తెడ్డుతో ఇంకో చుక్క నీళ్ళలో వేసి, రెండు వేళ్ళతో నలిపి, ఉండ చేసి, గిన్నె అంచుకేసి కొట్టింది. టంగుమంది. “ఇది అరిసెల పాకమేటే, వేరుసెనగ అచ్చుల పాకం గానీ. బుద్దుందా నీకు? కొత్త బెల్లం బేగి ముదుర్తాదని తెల్దా?” అని, పొయ్యిలోంచి కర్రలు లాగేసి, కాసిన్ని నీళ్ళు చల్లి, సన్నటి సెగ మీద ఆ పాకాన్ని మెల్లగా కలుపుతూ మళ్ళీ లేతపాకానికి తెచ్చింది. మళ్ళీ వేళ్ళతో పట్టి చూసింది. అప్పుడు ఆగిపోయింది. వేలికి అంటిన పాకాన్ని చూసుకుంటూ, “నా సెయ్యి పెట్టీసేనే,” అంది.

నేను అత్త ముఖంలోకి చూశాను. ఆవిడ ఇంట్లో అలాంటి పట్టింపులు మాకంటే ఎక్కువే అని నాకు తెలుసు. ఆవిడ ఏ మాత్రం వెనకాడినా మామ్మ మళ్ళీ మంచం ఎక్కేస్తుంది, ఇంక దిగదు. అది నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

“పెట్టకపోతే ఎలా తెలుస్తాది పిన్నీ,” అంది అత్త, పిండి పళ్ళెం మళ్ళీ ఎత్తుకుంటూ. “నాను పోస్తన్నాను, నువ్వు తిప్పు. ఉండకట్టిందంటే నీదే పూచీ.”

పిండి పడటం మొదలెట్టాక తిప్పకుండా ఎవరుంటారు. మామ్మ పమిట నడుముకి దోపుకుని తెడ్డు పట్టుకుంది. చెక్కలు పట్టుకుని మా అమ్మ గోడ దాటి వచ్చేసరికి వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ చలిమిడి కలుపుతున్నారు. అమ్మ ఆ చెక్కలు గుండెకి ఆనించుకుని అక్కడే నిలబడి ఏడ్చేసింది. అత్త ఆవిణ్ణి కూడా వదల్లేదు, ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని నూనె పెట్టు అంది. మొదటి అరిసె దిగాక, మెత్తగా వచ్చిందో లేదో నువ్వే చెప్పాలని మామ్మ చేతిలో పెట్టింది. మామ్మ తుంచి నోట్లో వేసుకుంది. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, తినడం మాత్రం ఆపలేదు. అరిసె మొత్తం తిని, సెగ ఇంకా తగ్గించమంది.

నేను ఆ కబురు పట్టుకుని వీధిలోకి పడ్డాను. ఆ రోజు నేను తిరిగినంత తిరుగుడు ఇంకెప్పుడూ తిరగలేదు. మా మామ్మ లేచింది, పాకం సరిచేసింది, పక్కింటి అత్తని బుద్దుందా అని తిట్టింది అని ఇంటింటికీ చెప్పాను. మర్నాడు పొద్దున్న పంతులమ్మగారు గేటు దగ్గర ఆగకుండా తిన్నగా పెరట్లోకి వచ్చేసి, మామ్మ చేతిలో ఓ అరిసె పెట్టింది. తమ వంతు రోజున పాకం కుదరక అన్నీ ఇలాగే వచ్చాయనీ, మేకు కొట్టుకోవడానికి పనికొస్తాయేమో గానీ తినడానికి లాభం లేదనీ, మళ్ళీ పిండి కొట్టామనీ చెప్పింది. పిలవడానికి మొహమాటపడ్డానని కూడా చెప్పి, క్షమించమంది. మామ్మ ఆ అరిసెని అటూ ఇటూ తిప్పి చూసి, ముసుగు సర్దుకుని ఆవిడ వెంట బయలుదేరింది. ఆ తర్వాత పండగ దాకా ఆవిణ్ణి ఇంట్లో పట్టుకోవడం మా వల్ల కాలేదు.

దుఃఖం పోయిందని నేను అనడం లేదు. క్రిస్మస్ ఆరాధనలో అందరూ పాటలు పాడుతుంటే మామ్మ చివరి వరసలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆరాధన అయ్యాక తాతయ్య సమాధి దగ్గర చాలాసేపు ఉంది. కానీ మధ్యాహ్నం ఇంటికొచ్చి, కంచంలో అన్నం మిగల్చకుండా తింది. మా అమ్మ ఆ ఖాళీ కంచం తీసుకెళ్ళి కడుగుతూ ఏదో కూనిరాగం తీసింది. వానలు మొదలయ్యాక అమ్మ గొంతులో రాగం వినడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నమే పళ్ళేల్లో పిండివంటలు సర్ది, గుడ్డలు కప్పి ఇళ్ళకి పంపుతున్నాం. నేను పెద్ద ఆరిందాలాగా, ఈ అత్తకి ఇంత వయసొచ్చినా పాకం పట్టడం రాదు కదా మామ్మా, నువ్వు లేకపోతే ఎంత పిండి పాడయ్యేదో అన్నాను.

మామ్మ నా వంక చూసి చిన్నగా నవ్వింది. “దానికి పాకం రాదనుకున్నావేటే? కాపరానికొచ్చిన కొత్తలో దానికి నేర్పింది నానే.”

మరి తెలిసీ ఎందుకు లేచావని అడిగాను. ఆవిడ పళ్ళెం మీద గుడ్డ అంచులు నాలుగువైపులా దోపి, అప్పుడు చెప్పింది. “ఏడాది కష్టమే అది. ఇంట్లో పిల్లలింకా ఓ మెతుకు కూడా ఎరగని బియ్యం. అదంతా పాడైపోయినా సరేనని నా ముందర పోసుకుని కూకుంది. ఇంకా లెగకపోతే నాను మనిసినేటి?” ఆ పళ్ళెం నా చేతికిచ్చి, ముందు అత్తకే ఇచ్చి రమ్మంది. దారిలో ఎగరొద్దని కూడా చెప్పింది. నేను మొట్టమొదటిసారి ఎగరకుండా నడిచి వెళ్ళాను.

అత్త మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా అడిగాను. దూడ కథలో పడి నిజంగానే మర్చిపోయానే అనేది. ముసలిదై మంచాన పడ్డాక ఓసారి అడిగితే కూడా అదే మాట, అదే నవ్వు. ఆ అబద్ధాన్ని తనతోనే పట్టుకుపోయింది.

పోయిన క్రిస్మస్‌కి ముందు మా ఎదురింటి అమ్మాయికి వాళ్ళమ్మ పోయింది. తల్లీ కూతుళ్ళిద్దరే ఉండేవారు. అందరం వెళ్ళి పలకరించాం, క్యారియర్లలో కూరలు పంపాం, ఏం కావాలన్నా అడగమ్మా అన్నాం. ఏం కావాలని అడుగుతుంది? ఆ పిల్ల ఉద్యోగానికి పోవడం మానేసింది, తర్వాత తలుపు తియ్యడం కూడా మానేసింది. వీధంతా నక్షత్రాలు, సీరియల్ బల్బులు, పాటల రిహార్సల్సు, పరుగులు. ఆ ఒక్క ఇల్లు చీకటిగా ఉంది. నాకు రెండు రోజులు కాలు నిలవలేదు. మూడో రోజు పొద్దున్న నా సెల్‌ఫోన్ పట్టుకెళ్ళి వాళ్ళ తలుపు తీసేదాకా కొట్టాను. చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని, కళ్ళలోకి చూసి అబద్ధమాడాను. అక్షరాలు కనపడటం లేదమ్మా, క్రిస్మస్ మెసేజులు ఏవీ చదవలేకపోతున్నాను, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి అన్నాను. ఆ పిల్ల చెదిరిన జుట్టుతోనే గుమ్మంలో కూర్చుని, ఫోన్ తీసుకుని, ఇంత కనపడుతోందా మామ్మగారూ, ఇంకొంచెం పెంచనా అని అడుగుతూ అరగంట కుస్తీ పట్టింది. ఆ తర్వాత టీ తాగుతారా అంది.

ఆ అక్షరాలు ఇప్పుడు అచ్చం గోడమీద రాతల్లా ఉంటాయి. ఒక మెసేజు చదవాలంటే తెర నాలుగుసార్లు జరపాలి. మా అబ్బాయి చూసి, ఇదేంటమ్మా, నీ కళ్ళు బానే ఉన్నాయి కదా, తగ్గిస్తానివ్వు అన్నాడు. నేను ఇవ్వలేదు.